కొలిమి వెలగని రోజుల్లో ఐదో కత్తి

పోయిన వారం మచ్చ బొల్లారంలోని మా ఇంటి తలుపులకు రంగులు వేయించాము. రంగులు వేసే మనుషులు ఇద్దరు, ముందు పాత రంగు ఊడేలా ఉప్పు కాగితంతో తలుపులు రుద్దడం మొదలుపెట్టారు. లోపల కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నదాన్ని, ఆ చప్పుడు చెవిన పడగానే చాట ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. తొందర లేకుండా, ఒకే తీరున, ముందుకూ వెనక్కూ నడిచే ఆ రుద్దుడు చప్పుడు వింటే నాకు శామీర్‌పేటలో మా మరిది ఇంటి వెనకాల ఉండిన రేకుల కొట్టం గుర్తొస్తుంది. అందులో నిప్పన్నది లేకుండా గడిచిన మైల రోజులు గుర్తొస్తాయి. ఒక మనిషిని ఏళ్ళ తరబడి రోజూ చూస్తూ కూడా చూడకుండానే ఉండిపోయి, ఎప్పుడో ఒకనాడు ఉన్నట్టుండి అతని పని కంటబడి నిలబడిపోవడం నా ఈడు వాళ్ళలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. నాకు అది ఉద్యోగం నుంచి విరమించాక, అరవై దాటిన తరువాత జరిగింది.

నా ఉద్యోగం మేడ్చల్‌లోని ఒక చిన్న కర్మాగారంలో లెక్కలు రాయడం. అంకెకు అంకె కలవకపోతే ఇంటికి వచ్చినా అన్నం సయించేది కాదు. మా ఆయన ఏదైనా పాత సంగతి చెబుతుంటే మధ్యలో దూరి నెలా వారమూ సరిదిద్దుతానని మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ, తప్పు చెప్పేకన్నా నవ్వించుకోవడం నయం. అటువంటి దాన్ని కాబట్టే ఈ సంగతిలో నేను చూసింది ఎంతో, విన్నది ఎంతో విడదీసే చెబుతాను.

మా అత్తవారిది కమ్మరి ఇల్లు. మా మామగారూ ఆయన అన్నగారూ శామీర్‌పేటలో ఒకే కొలిమి మీద నాగటి కర్రులూ, కొడవళ్ళూ, బండి చక్రాల కమ్ములూ చేసినవారు. పెద్దవాడైన మా ఆయన కర్మాగారంలో పనికి పోయాడు, చిన్నవాడైన మరిది కొలిమి దగ్గరే ఉండిపోయాడు. కీసర వైపూ మేడ్చల్ వైపూ పొలాలు ప్లాట్లయిపోతూ వచ్చాక కర్రులు అడిగేవాళ్ళు పోయారు, ఆ తరువాత కొడవళ్ళు అడిగేవాళ్ళూ పోయారు. అప్పుడు మరిది వంటింటి కత్తులకు మళ్ళాడు. పాత లారీల కమాను పట్టీలు తెచ్చి, కాల్చి, సాగగొట్టి కత్తులు చేసేవాడు. బాగానే చేస్తాడని అందరూ అనేవాళ్ళు, నేనూ అనేదాన్ని. ఇంట్లో మనిషి పని గురించి మనం అనే మాట అంతకుమించి ఉండదు కదా.

కత్తులు బాగున్నా బతుకు సాగేది కాదు. తోటికోడలు, అంటే మరిది భార్య, దగ్గరలోని మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి షిఫ్టుల మీద పోయేది. పాప నాలుగో తరగతి. పొద్దున పాపకు జడలు వేసి, అన్నం వండి, బడి దగ్గర దింపి వచ్చి కొలిమి వెలిగించేది మరిదే. సాయంత్రం తోటికోడలు తిరిగి వచ్చేసరికి చేతుల మసి కడుక్కుని కూర తాలింపు వేసేదీ అతనే. మా అత్తగారు ముసలితనం వల్ల మంచం పట్టినా మాట మాత్రం గట్టిగానే ఉండేది. గుండ్లపోచంపల్లిలో గేట్లూ కిటికీలూ చేసే వెల్డింగు దుకాణం స్నేహితుడు ఒకడు మరిదికి ఉండేవాడు. కత్తులు చేసేవాళ్ళ సంఘం ఒకటి ఉందనీ, వాళ్ళు పరీక్ష పెట్టి ఇచ్చే ధ్రువపత్రం ఉంటే పెద్ద హోటళ్ళ వాళ్ళు కూడా చేతి కత్తులు కొంటారనీ మొదట చెప్పింది అతనే. సికింద్రాబాదులో వంట సామాను అమ్మే వ్యాపారి ఒకరు ఆ పత్రం ఉంటే మరిది చేసినన్ని కత్తులూ తీసుకుంటానని మాటిచ్చాడు.

ఆ పరీక్ష రెండు భాగాలు. ముందు ఒక కత్తిని మన ఎదుటే పాడయ్యేదాకా పరీక్షిస్తారు. తరువాత ఐదు కత్తులు బల్ల మీద పెట్టాలి, వాటి నునుపూ, అంచూ, పిడి కూర్పూ చూస్తారు. ఆరింటిలో ఏ ఒక్కదానికీ మొదటి నుంచి చివరిదాకా మరొకరి చెయ్యి సాయం పట్టకూడదు. పరీక్ష చేసే పెద్దమనిషి పైరాష్ట్రం నుంచి రావాలి, ఒకసారి వచ్చిపోతే మళ్ళీ మూడేళ్ళదాకా ఇటు రాడు.

తోటికోడలికి ఇందులో నమ్మకం లేదు. గుండ్లపోచంపల్లి గోదాముల్లో గేటు దగ్గర పని ఒకటి ఆమె చూసిపెట్టింది, నెల తిరిగేసరికి జీతం వచ్చే పని. ఒకనాడు నేనూ మా ఆయనా అక్కడ ఉండగానే తెగేసి చెప్పింది.

"గీ ఒక్కసారి జూస్త. కాకపోతే ఇగ కొలిమి ముచ్చట ఎత్తద్దు. గోదాంల పోయి చేరాలె."

"ఎత్తను తియ్," అన్నాడు మరిది.

"గిట్ల కాదు. మా బావ ముంగట జెప్పు, అక్క ముంగట జెప్పు."

అతను మా ఇద్దరి వైపూ తిరిగి, బడిలో పిల్లవాడిలా చేతులు కట్టుకుని, కాకపోతే గోదాముకు పోతానని చెప్పాడు. తోటికోడలు నవ్వింది గాని మాట మాత్రం మాటే. మూడేళ్ళు ఆగడానికి ఆ ఇంట్లో ఊపిరి లేదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

పరీక్షకు పెట్టే కత్తి ముందే అయిపోయింది. ఐదింటిలో నాలుగు కూడా అయిపోయాయి. ఐదోదాన్ని సాగగొట్టి ఆకారానికి తెచ్చాడు గాని, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టి చేసే పని మిగిలింది. అప్పుడే పాపకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, ఆసుపత్రిలో పెట్టి సెలైను ఎక్కించారు. తోటికోడలికి సెలవు దొరకలేదు, కాబట్టి మంచం పక్కన కూర్చున్నది మరిదే. పాప ఇంటికి వచ్చి గంజి తాగిన రోజు, రేపు కొలిమి వెలిగిస్తానన్నాడు. ఆ రేపు తెల్లారకముందే కీసర నుంచి కబురు వచ్చింది, మా పెద్దమామగారు, అంటే మామగారి అన్నగారు, పోయారని.

ఆయన పోవడం పండు రాలడం వంటిదే, అంత వయసు. కాని పాలివాళ్ళ ఇంట చావు మాకు పదకొండు రోజుల మైల, ఆ పదకొండు రోజులూ కమ్మరి ఇంట కొలిమి వెలగకూడదు. అది మా ఇంటి ఆచారం. పరీక్ష పెట్టే పెద్దమనిషి వచ్చేది పదో రోజున.

ఆ దినాలన్నీ నేనూ మా ఆయనా కూడా శామీర్‌పేటలోనే ఉన్నాము. దహనం అయి అందరం ఆ ఇంటికి చేరి స్నానాలు చేశాక, ఆ మాట ఎవరు ఎత్తుతారా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. చివరకు ఎత్తింది తోటికోడలే. కొలిమిని వద్దన్న మనిషి ఆమె. అయినా అత్తగారి మంచం పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"అత్తమ్మా, కొలిమంటే బొగ్గుది గద. వెనక కొట్టంల ఉన్న చిన్న పొయ్యి సిలిండర్‌తోని నడుస్తది. గసుంటి సిలిండర్ మీదనే గద మనం ఇంట్ల అన్నం వండుకుంటున్నం."

అత్తగారు ఇంటి పైకప్పు వైపు చూస్తూ అడిగింది. "దాంట్ల ఇనుము ఎర్రగయితదా?"

"అయితది."

"మరి కొలిమే."

అంతటితో ఆ వాదన ముగిసింది. ఆమె గొంతులో కోపం లేదు. కాసేపయ్యాక తనంతట తానే అన్నది, చచ్చిపోయినాయన చేతుల్లో పెరిగిన కొలిమి, పదకొండు దినాలు సల్లగుంటే దానికేం కాదు అని. మరిది తల ఊపి బయటికి వెళ్ళిపోయాడు. అతనికి అసలు సందేహమే లేదని నాకు అప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు సుత్తి చేతికిచ్చి నేర్పింది ఆ పెద్దాయనే. అడిగింది తోటికోడలు, అతను అడగలేదు.

మర్నాడు వెల్డింగు దుకాణం స్నేహితుడు పరామర్శకు వచ్చాడు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, మా బొల్లారం వైపు కుటుంబమే. టీ కూడా తాగకుండా కొట్టంలోకి పోయి, గట్టిపడని ఆ ఐదో కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, మాకు గీ మైలలు లేవు గద. నా దుకాణంల నేను కాలుస్త, నూనెల నేను ముంచుత. నువ్వు గాడ కుర్చీ ఏస్కోని కూసో."

"నువ్వు ముంచినంక అది నీ కత్తే అయితది తమ్మీ. ఆడ నిలబడి నాదని ఎట్ల జెప్త?"

"ఎవడు జూస్తడే?"

"జూడనీకి నేనున్న గద."

"గిట్లయితే గోదాం గేటు కాడ కుర్చీ ఖాయం అన్నా. గా కుర్చీ మంచిగ ఇనుముతోని నేనే జేసిస్త," అన్నాడు స్నేహితుడు. ఇద్దరూ నవ్వారు గాని నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సంఘం నియమం ఒక వైపు, ఇంటి నియమం ఒక వైపు. రెంటిలో ఏ ఒక్కటి కొంచెం వంచినా పని అయిపోయేది. అతను రెంటినీ వంచలేదు. లెక్కల్లో బతికిన నాకే అది మొండితనంగా తోచింది.

మూడో రోజో నాలుగో రోజో అని మా ఆయన అంటారు, కాదు, మూడో రోజే. పొద్దటి షిఫ్టు ముగించుకుని తోటికోడలు ఇంటికి వచ్చింది. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి పోయింది. బయటికి వచ్చేటప్పుడు చేతిలో కత్తి ఉంది, ఆమె రోజూ కూరగాయలు కోసే కత్తి. పాప పుట్టిన ఏడు మరిది ఆమె కోసం చేసినది. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు కాబట్టి అతని ముందు నేల మీద పెట్టింది.

"గిది పనికొస్తదా జూడు."

మరిది దాన్ని చూశాడు గాని ముట్టుకోలేదు. "గిదిస్తే నువ్వు దేనితోని కోస్తవ్?"

"కత్తిపీట లేదా ఏంది ఇంట్ల. మీ అమ్మ ముగ్గురిని దానితోనే సాదింది."

తొమ్మిదేళ్ళ కిందట కాల్చి ముంచి గట్టి చేసిన కత్తి అది. దానికి మళ్ళీ నిప్పుతో పని లేదు. కాని తొమ్మిదేళ్ళుగా రోజూ సాన పెట్టి పెట్టి సగం వెడల్పు తరిగిపోయింది, వెన్నంతా గీతలు, పిడి చెక్క నీళ్ళకు నల్లబడి పగుళ్ళిచ్చింది. దాన్ని బల్ల మీద నిగనిగలాడే నాలుగు కొత్త కత్తుల పక్కన పెట్టాలి. ఎవరి చేయీ పడకుండా అంతా తను చేసిన కత్తే కాబట్టి నియమానికి అడ్డు లేదు. కాకపోతే ఆ కత్తి అంతటి నునుపుకు రాగలదని నేను నమ్మలేదు.

మరిది లోపలికి పోయి కరెంటుతో తిరిగే సానరాయి ముందు కూర్చుని మీట నొక్కాడు. కత్తి ఆనించిన మరుక్షణం ఇంట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"గవేంది కొట్టంల మెరుస్తున్నయి?"

"రవ్వలే అమ్మా."

"రవ్వలంటే నిప్పు కాదా? బంద్ జెయ్."

అతను మీట ఆపేశాడు. నేనైతే ఆ ఘడియలో పోట్లాడేదాన్నే. అతను పొడుగాటి చెక్క ముక్క ఒకటి తెచ్చి బల్లకు బిగించి, కత్తిని దాని మీద కట్టి, రాయీ నీళ్ళూ నల్లటి ఉప్పు కాగితమూ ముందు పెట్టుకున్నాడు. గట్టిపడ్డ ఉక్కు మీద ఇనుప ఆకురాయి పట్టదు, జారిపోతుంది. ఇక మిగిలినవి రాయి, కాగితం, చెయ్యి, అంతే.

అప్పటినుంచి నేను చూసినదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ సరిగా తెలియదు. ముందు గరుకు రాయితో కత్తి పొడవునా ఒకే దిక్కున రుద్దుతాడు. పాత గీతలన్నీ పోయి ఈ రాయి గీతలే మిగిలేదాకా రుద్దాలి. తరువాత దానికన్నా మెత్తటి కాగితం తీసుకుని అడ్డంగా రుద్దుతాడు, ముందటి గీత ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ తరువాత ఇంకా మెత్తటిది, మళ్ళీ నిలువుగా. ఎక్కడైనా ముందటి గీత ఒకటి దాక్కుని ఉండిపోయిందంటే వెనక్కి పోయి మళ్ళీ గరుకు కాగితం నుంచే మొదలుపెట్టాలి. పాపను బడికి దింపి వచ్చి కూర్చునేవాడు. మధ్యలో లేచి అత్తగారికి మందు ఇచ్చేవాడు, పాపకు జ్వరం తగ్గినా నీరసం పోలేదని పండ్లరసం తీసేవాడు, కీసరలో జరగవలసిన దినాల పనులకు మా ఆయనతో పోయి వచ్చేవాడు, వచ్చి మళ్ళీ అదే గీత దగ్గర చెయ్యి ఆనించేవాడు. ఎక్కడ ఆపాడో వెతుక్కున్నట్టు నేను ఒక్కసారీ చూడలేదు.

నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. ఒక మెట్టు రుద్దడం ముగిశాక కత్తిని తుడిచి కిటికీ గూట్లో పెట్టి పిలిచేవాడు.

"వదినె, జర ఆడిట్ జెయ్."

నేను చదువుకునే అద్దాలు పెట్టుకుని, కత్తిని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసేదాన్ని. పని మీద చెయ్యి పెట్టకుండా చూసి చెప్పడం సాయం కిందకు రాదని స్నేహితుడు ఫోన్ చేసి కనుక్కున్నాకే నేను ఆ పనికి ఒప్పుకున్నాను. కత్తిని కూడా గుడ్డతో పట్టుకునేదాన్ని.

"గీడ ఒక గీతున్నది," అన్నాను మొదటి రోజున.

"గది నీ అద్దాల మీద గీత వదినె."

అద్దాలు తుడిచి చూశాను. గీత కత్తిదే. అతను గరుకు కాగితం అందుకున్నాడు. అటువంటివి నేను ఎన్ని పట్టానో, ఎన్నిసార్లు నన్ను మనసులో తిట్టుకున్నాడో. తోటికోడలు షిఫ్టు నుంచి రాగానే గుమ్మంలో నిలబడి, ఇంటికి ఒక లెక్కల మనిషి ఉంటే చాలు, శత్రువులు అక్కరలేదని నన్ను ఆటపట్టించేది. అని, వంటింట్లో కత్తిపీట మీద కూర్చుని వంకాయలు కోసేది. ఏళ్ళుగా అలవాటు తప్పిన పీట, వేలు ఒకటి తెగింది కూడా. గుడ్డ పేలిక చుట్టుకుని కోస్తూనే ఉంది, అతనికి చెప్పలేదు.

ఏడో రోజు పగటి పూట కావచ్చు, నేను పిలుపు రాకముందే కొట్టంలోకి పోయాను. కత్తి కిటికీ గూట్లో ఉంది. నేను అటు కదిలితే దాని మీద వెలుతురు కదిలింది. మొదలు నుంచి మొన దాకా ఒకే సన్నని గీతగా, ఎక్కడా విరగకుండా, వంకర పోకుండా, పాలు వంచినట్టు జారిపోయింది. నేను వెనక్కి జరిగాను, వెలుతురు వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు జరిగాను. తొమ్మిదేళ్ళు ఉల్లిగడ్డలూ మాంసమూ కోసిన ఇనుపముక్క అది, ఇంట్లో చావు మైల, నిప్పు లేదు, యంత్రం లేదు. ముప్పై ఏళ్ళుగా నేను వడ్డించిన అన్నం తిన్న మనిషి, ఈ పని చేయగలవాడని నాకు ఒక్కనాడూ తెలియదు. మరిది వెనక నుంచి వచ్చి, ఆడిట్ అయిందా అన్నాడు. అయిందన్నాను.

అరిగిపోయిన వెడల్పును అతను దాచలేదు, దానికి తగ్గట్టు సన్నగా, కూరగాయలకు పనికొచ్చేలా వంపు తీర్చాడు. పాత పిడి తీసేసి జిట్రేగి చెక్కతో కొత్తది చేశాడు, ఇత్తడి మేకులు వేశాడు. కొత్త పిడి అయినా దాని ఆకారం మటుకు పాతదే. అది ఎందుకో నాకు పరీక్ష రోజున గాని తెలియలేదు.

పరీక్ష గుండ్లపోచంపల్లిలో స్నేహితుడి దుకాణంలోనే పెట్టుకున్నారు. మరిది, మా ఆయన, నేను పోయాము. తోటికోడలు షిఫ్టు దిగి కంపెనీ బట్టలతోనే ఆటోలో వచ్చింది. పరీక్షకుడు పెద్ద వయసువాడు, పొట్టి మనిషి, హిందీలో తక్కువ మాట్లాడేవాడు. స్నేహితుడు మాకు తెలుగులో చెప్పేవాడు.

మొదట, పాడయ్యేదాకా పరీక్షించే కత్తి వంతు. పైనుంచి వేలాడే లావుపాటి మోకు. కింది కొస ఎవరూ పట్టుకోకూడదు. ఒకే వేటుకు తెగాలి. మరిది చెయ్యి లేచింది చూశాను, మోకు ముక్క నేల మీద పడి ఉండడం చూశాను, మధ్యలో ఏం జరిగిందో కన్ను పట్టలేదు. ఆ తరువాత అదే కత్తితో కర్ర మొద్దును నరికాడు. నరికాక అదే అంచుతో ముంజేతి వెంట్రుకలు గొరగాలి. గొరిగాడు, సబ్బు కూడా లేకుండా. చివరిది కత్తిని వంచడం. అంచు గట్టిగా ఉండాలి, వెన్ను మెత్తగా ఉండాలి, లేకపోతే కత్తి పుటుక్కున విరుగుతుంది, విరిగితే అక్కడితో ఆఖరు. మొన వైపు బిగించి, పిడికి ఇనుప గొట్టం తొడిగి, చేసినవాడే తన చేతులతో వంచాలి. మరిది వంచాడు. లోహం మూలిగింది. నేను మా ఆయన చొక్కా పట్టుకున్నాను. కత్తి వంగి, ఇంకా వంగి, గోడకూ నేలకూ మధ్య మూలలా నిలబడింది. అంచు వెంట పరీక్షకుడు వేలితో తడిమి చూసి తల ఊపాడు. నెలల తరబడి చేసిన కత్తి అలా వంకరగా బిగింపులో ఉంటే మరిది దాని వైపు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

తరువాత ఐదు కత్తులు బల్ల మీద పరిచారు. నాలుగింటినీ ఒక్కొక్కటి ఎత్తి చూసి పెట్టాడు. ఐదోది ఎత్తగానే ఆగాడు. ఇది కొత్త కత్తి కాదు కదా అన్నాడు. ఎలా కనిపెట్టాడో నాకు తెలియదు. మరిది ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఇంట్లో పెద్దాయన పోయాడని, కొలిమి వెలిగించలేదని. మీకెన్ని రోజులు అని అడిగాడు పరీక్షకుడు. పదకొండు అంటే, మా వైపు పదమూడు అన్నాడు. అని ఈ కత్తి ఎవరు వాడారని అడిగాడు. మరిది తోటికోడలిని చూపించాడు. ఇక అతన్ని వదిలేసి ఆమెనే అడగడం మొదలుపెట్టాడు, ఎట్లా ఉండేది ఈ కత్తి అని.

ఆమె మొహమాటపడుతుందనుకున్నాను. పడలేదు.

"మొదట్ల పిడి లావుండె. బొటనేలు కాడ నొప్పి లేచేది. జెప్తే సన్నం జేసిండు. సన్నం జేస్తే తడి చేతికి జారుడు వెట్టింది. మళ్ళ జెప్పిన. కొట్లాడిన కూడ. మూడోసారికి కుదిరింది."

స్నేహితుడు హిందీలోకి మార్చి చెబుతున్నాడు. పరీక్షకుడు కొత్త పిడిని పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. అంతటితో ఆమె ఆగి ఉంటే బాగుండునని నేను అనుకుంటూ ఉండగానే ఇంకో మాట అనేసింది.

"ఒకపారి బండ మీద పడి మొన ఇరిగింది. నేనే జారిడిసిన."

స్నేహితుడు ఆ మాటను హిందీలోకి మార్చలేదు. మరిది వైపు చూశాడు. మొన విరిగిన కత్తి అంటే అతికిన కత్తి, దాచిన లోపం ఉన్న కత్తి అని ఎవరికైనా తోస్తుంది. పరీక్షకుడికి తెలుగు రాదు. ఆ మాట అక్కడే నేల మీద పడి పోయినా అడిగేవాడు లేడు. మరిది, చెప్పు అన్నట్టు తల ఊపాడు. స్నేహితుడు చెప్పాడు.

పరీక్షకుడు జేబులోంచి భూతద్దం తీసి, కత్తిని పట్టుకుని గుమ్మంలోకి, ఎండలోకి పోయాడు. చాలాసేపు మొనను చూశాడు. వచ్చి, ఎక్కడ విరిగిందని మరిదినే అడిగాడు. మరిది గోటి కొసతో చోటు చూపించి, అతకలేదు, అక్కడిదాకా అరగదీసి మళ్ళీ మొన తీర్చానన్నాడు. మళ్ళీ గుమ్మంలోకి పోయాడు. తోటికోడలు మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. కంపెనీ టోపీ చేతిలో నలుపుతూ ఉంది, వేలికి చుట్టిన పేలిక ఊడి వేలాడుతోంది. మరిది కళ్ళు పరీక్షకుడి మీద లేవు, ఆ పేలిక మీద ఉన్నాయి. అప్పుడు గాని అతనికి ఆ దెబ్బ సంగతి తెలియలేదు.

పరీక్షకుడు తిరిగి వచ్చి కత్తిని మిగిలిన నాలుగింటి పక్కన, అదే వరసలో పెట్టాడు. చూపించాక కూడా తనకు ఆ చోటు కనపడలేదన్నాడు. ఐదూ సరిపోయాయన్నాడు.

తోటికోడలు పక్కనే పేర్చి ఉన్న గేట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి మరిది దగ్గరికి పోయి, గోదామోళ్ళకు ఫోన్ జేసి రానని జెప్పు, ఊకే ఎదురు జూస్తరు అన్నది. అతను ఆమె చెయ్యి పట్టుకుని వేలు చూశాడు.

ఇదంతా జరిగి ఇప్పటికి ఎనిమిదేళ్ళు. సికింద్రాబాదు వ్యాపారి మాట నిలబెట్టుకున్నాడు. రేకుల కొట్టం పోయి ఔటర్ రింగు రోడ్డు అవతల పెద్ద షెడ్డు వచ్చింది. తోటికోడలు కంపెనీ మానేసి అక్కడే కత్తులు పెట్టెల్లో సర్ది పంపే పని చూస్తుంది. మా మరిది కత్తులు మేము పేరు కూడా పలకలేని ఊళ్ళకు పోతున్నాయి. నేను ఆ వృద్ధిని చిన్నబుచ్చే మనిషిని కాను, కళ్ళారా చూసి సంతోషించిన దాన్ని. అయినా షెడ్డుకు పోయినప్పుడల్లా ఏదో వెలితిగా తోస్తుంది. మా మామగారి రోజుల్లో కొడవలి పట్టి చెయ్యి నొప్పి పెడితే ఆడవాళ్ళు కొలిమి దగ్గరికే వచ్చి తిట్టిపోసేవాళ్ళు. చెయ్యి చాపి, ఇదిగో ఇక్కడ అని చూపించేవాళ్ళు. చేసినవాడు ఆ చేతిని చూసి పిడి చెక్కేవాడు. ఇప్పుడు కొన్న మనుషులు అతని షెడ్డు చూడలేదు, అతను వాళ్ళ వంటిల్లు చూడలేదు.

ఎప్పుడైనా ఒక కత్తి వెనక్కి వస్తుంది. నచ్చలేదని తప్ప మరో మాట ఉండదు. మరిది ఆ పెట్టె విప్పి, కత్తి బయటికి తీసి, పని ఆపుకుని కూర్చుంటాడు. పిడిని ఒకసారి కుడిచేత్తో పట్టుకుంటాడు, ఒకసారి ఎడమచేత్తో పట్టుకుంటాడు. బొటనవేలు కాస్త ముందుకు జరుపుతాడు, వెనక్కి జరుపుతాడు. ఎవరిదో ఆ చెయ్యి పెద్దదో చిన్నదో, తడిదో పొడిదో, ఎక్కడ నొచ్చిందో, అడగడానికి మనిషి లేక, తన చేతినే అడుగుతూ ఉంటాడు.